ఆడుతూ చదివేవారికి మనం ఏం చేస్తున్నాం?



వార్డెన్ సార్ గదిలోకి అడుగుపెట్టిన ఎవరి చూపైనా ముందుగా పడేది బీరువా మీది కప్పుల మీదే. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, పరుగుపందేలు... కొన్నిటి మీద సంవత్సరం కూడా చెరిగిపోయింది. ప్రతి వార్షికోత్సవానికీ వాటిని కిందికి దించి, చింతపండుతో తోమి, టేబుల్ మీద వరుసగా పెట్టి ఫొటో తీస్తాం. ఈసారీ తీశాం. అయితే తోముతుండగా మాలో ఒకడు అడిగిన ప్రశ్నే ఈ వ్యాసానికి కారణమైంది. "ఈ కప్పులు తెచ్చిన అన్నలంతా డిగ్రీ పాసయ్యారా?"

ఎవ్వరమూ జవాబు చెప్పలేకపోయాం. కప్పు ఎవరు తెచ్చారో చెప్పగలిగాం, ఎవరి మీద ఎన్ని పాయింట్ల తేడాతో గెలిచామో చెప్పగలిగాం. వాళ్ల మార్కుల సంగతి మాత్రం మాకు తెలియదు. అందుకని తెలిసిన నంబర్లకు ఫోన్లు చేశాం.

అలా దొరికిన ఒక సీనియర్ అన్న గురించి చెప్పాలి. పేరు రాయవద్దన్నాడు, రాయడం లేదు. కబడ్డీలో మంచి రైడర్. రెండేళ్లు వరుసగా యూనివర్సిటీ జట్టులో ఆడాడు. మన బీరువా మీది పెద్ద కప్పు ఆయన జట్టు తెచ్చిందే. ఆ రెండేళ్లూ సెమిస్టర్ పరీక్షల ముందు ఆయన హాస్టల్లో లేడు. ఇంటర్నల్స్ పోయాయి, రికార్డులు కట్టలేదు, మూడు సబ్జెక్టులు మిగిలిపోయాయి. తర్వాత ఎస్సై ఉద్యోగాల నోటిఫికేషన్ పడింది. పరుగు, లాంగ్‌జంప్, షాట్‌పుట్... ఆయనకు అవి ఒక లెక్కా? చేతిలో క్రీడల సర్టిఫికెట్లు కూడా ఉన్నాయి. కానీ ఎస్సైకి డిగ్రీ పాసై ఉండాలి. దరఖాస్తు దగ్గరే ఆగిపోయాడు. ఇప్పుడు హైదరాబాద్ శివారులో ఒక గోడౌన్‌లో రాత్రి డ్యూటీ చేస్తున్నాడు.

"నన్ను ఎవరూ చదవొద్దనలేదు తమ్మీ" అన్నాడు ఫోన్లో. "కప్పు తెచ్చినప్పుడు అందరూ భుజం తట్టిన్రు. సప్లీ పడ్డదని మాత్రం ఒక్కరికి తెల్వదు. నేనూ చెప్పలే."

ఆటలు ఆడేవాడికి చదువు రాదు అనేది మన ఊళ్లలో పాత మాట. ఆయన విషయంలో అది అబద్ధం. ఆయన ఇంటర్‌లో మంచి మార్కులతోనే పాసై వచ్చాడు. మరి ఎక్కడ పోయింది? కాగితం తీసుకుని లెక్క వేశాం.

ఒక సెమిస్టర్‌లో సుమారు 90 పనిదినాలు. పరీక్షకు కూర్చోవాలంటే 75 శాతం హాజరు కావాలి. అంటే 68 రోజులు కాలేజీలో ఉండాలి, 22 రోజులకు మించి పోకూడదు. ఇప్పుడు యూనివర్సిటీ జట్టుకు ఎంపికైనవాడి రోజులు లెక్కపెట్టండి. కోచింగ్ క్యాంపు 15 రోజులు అనుకుందాం. రైలు ప్రయాణం పోనురాను 4 రోజులు. టోర్నమెంటు 5 రోజులు. మొత్తం 24. ఒక్క మీట్‌తోనే హద్దు దాటిపోయింది. ఇక జ్వరం రాకూడదు, ఇంట్లో పెళ్లి ఉండకూడదు! ఆన్‌డ్యూటీ లెటర్ ఉంటే కాలేజీ ఆ రోజులు కలుపుతుంది నిజమే. అయితే ఆ లెటర్ ఆఫీసుకు చేరాలి, గుమాస్తా గారు దాన్ని ఎక్కించాలి. మనవాళ్లలో చాలామంది ఆ లెటర్‌ను బ్యాగు అడుగున పెట్టుకుని తిరుగుతారు. ఇంకో మాట. 75 శాతం హాజరు నిబంధన మన స్కాలర్‌షిప్‌కు కూడా ఉంది. ఇంటినుంచి ఫీజు కట్టగలిగినవాడికి హాజరు తగ్గితే ఒక పేపరు పోతుంది. మనకు ఫీజే పోతుంది.

పాత సీనియర్లు ఇంకో సంగతి చెప్పారు. 2015, 2016 ప్రాంతంలో మన డిగ్రీ కాలేజీల్లోకి సెమిస్టర్ పద్ధతి రాకముందు ఏడాదికి ఒక్కసారే, వేసవి ముందు పరీక్షలు. యూనివర్సిటీల మధ్య పోటీలు ఎక్కువగా చలికాలంలో జరిగేవి. ఆడి వచ్చి రెండు మూడు నెలలు కూర్చుని చదువుకునేవారు. ఇప్పుడు మొదటి సెమిస్టర్ పరీక్షలు, పోటీలు దాదాపు ఒకే కాలంలో పడుతున్నాయి. పరీక్షల పద్ధతి మారింది, ఆటల క్యాలెండర్ మారలేదు. ఈ రెంటి మధ్య నలిగిపోయేది పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల పిల్లలు.

ఈ బాధ మనకేనా అని చూస్తే, కాలేజీ ఆటలను కోట్ల మంది టీవీల్లో చూసే అమెరికాలో ఇంతకన్నా ఘోరం జరిగింది. కెవిన్ రాస్ అనే నల్లజాతి కుర్రవాడు 1978లో క్రైటన్ యూనివర్సిటీలో బాస్కెట్‌బాల్ స్కాలర్‌షిప్ మీద చేరాడు. నాలుగేళ్లు ఆడాడు. ఆటల విభాగం వాళ్లు అతనితో తీసుకోనిచ్చిన సబ్జెక్టుల్లో తుపాకీ గురిపెట్టడం, బాస్కెట్‌బాల్ సిద్ధాంతం వంటివి ఉన్నాయి. అతని పాఠాలు చదివి పెట్టడానికి, వ్యాసాలు టైపు చేసి ఇవ్వడానికి ఒక సెక్రటరీని పెట్టారు. 1982లో బయటికి వచ్చేసరికి డిగ్రీకి కావలసిన 128 క్రెడిట్లలో 96 మాత్రమే ఉన్నాయి. భాషా సామర్థ్యం నాలుగో తరగతి పిల్లవాడిది, చదివే శక్తి ఏడో తరగతి పిల్లవాడిది. ఇది మా మాట కాదు, కోర్టు తీర్పులో రాసి ఉంది. ఆ తర్వాత ఆ నిలువెత్తు మనిషి షికాగోలో ఒక చిన్నపిల్లల బడిలో చేరి, పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని చదువుకున్నాడు. సిగ్గుపడవలసింది అతను కాదు.

ఇలాంటివి బయటపడ్డాక అక్కడ నియమాలు గట్టిపడ్డాయి. కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ అనే సంస్థ 1906లో పుట్టింది. దాని నియమం ప్రకారం పోటీల కాలంలో ప్రాక్టీసు రోజుకు 4 గంటలు, వారానికి 20 గంటలు మించకూడదు. వారంలో ఒక రోజు సెలవు ఇచ్చి తీరాలి. 2003 నుంచి ఇంకో నియమం వచ్చింది. రెండో ఏడాది ముగిసేసరికి డిగ్రీలో 40 శాతం, మూడో ఏడాదికి 60, నాలుగో ఏడాదికి 80 శాతం పూర్తి చేయాలి. చేయకపోతే మైదానంలోకి దిగనివ్వరు.

మాకు అన్నిటికన్నా నచ్చింది జట్టుకు వేసే చదువు మార్కు. స్కాలర్‌షిప్ మీద ఆడే ప్రతి ఒక్కరికీ టర్ముకు రెండు పాయింట్లు. చదువులో ఆడే అర్హత నిలుపుకుంటే ఒకటి, కాలేజీ మానకుండా ఉంటే ఒకటి. జట్టు మొత్తానికి రావలసిన పాయింట్లలో ఎన్ని వచ్చాయో చూసి వెయ్యికి లెక్క కడతారు. 930 కన్నా తగ్గితే ఆ జట్టును పెద్ద టోర్నమెంటుకు రానివ్వరు. ఇది కాగితం మీది బెదిరింపు కాదు. 2011లో జాతీయ చాంపియన్‌గా నిలిచిన కనెక్టికట్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టును చదువు మార్కు తక్కువైందని 2013 టోర్నమెంటు నుంచి బయట కూర్చోబెట్టారు. మరుసటి ఏడాది, 2014లో, అదే యూనివర్సిటీ మళ్లీ చాంపియన్ అయింది. ఒకడు ఫెయిలైతే జట్టంతా నష్టపోయేలా చేస్తే, కోచ్ కూడా "రికార్డు కట్టావా?" అని అడుగుతాడు. మన దగ్గర ఆ ప్రశ్న అడిగే కోచ్‌ను మేము ఇంకా చూడలేదు.

అలాగని అమెరికాను నెత్తిన పెట్టుకోనక్కరలేదు. నార్త్ కరోలినా యూనివర్సిటీలో 1993 నుంచి 2011 దాకా తరగతులే జరగని సబ్జెక్టులు నడిపి మార్కులు వేశారని 2014లో విచారణ నివేదిక తేల్చింది. మూడు వేల మందికి పైగా విద్యార్థులు అలా గట్టెక్కారు, వారిలో దాదాపు సగం మంది క్రీడాకారులు. 'విద్యార్థి–క్రీడాకారుడు' అనే మాట పుట్టుక కూడా అంత గౌరవమైంది కాదు. ఆటలో దెబ్బ తగిలినవాళ్లు కార్మికులుగా నష్టపరిహారం అడగకుండా ఉండేందుకు 1950ల్లో ఎన్‌సీఏఏ పెద్దలే దాన్ని వాడుకలోకి తెచ్చారు. కాలేజీలు తమ ఆటగాళ్లకు నేరుగా డబ్బు చెల్లించే వీలు 2025 జూలైలో గానీ రాలేదు, అదీ కోర్టులో రాజీ కుదిరాక.

ఆ దేశంలో మాకు ఇష్టమైన మనిషి వేరే ఉన్నాడు. అలన్ పేజ్ నల్లజాతివాడు, అమెరికన్ ఫుట్‌బాల్‌లో మేటి ఆటగాడు. 1971లో లీగ్ మొత్తానికి అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు. ఒకవైపు ఆడుతూనే మిన్నెసోటా యూనివర్సిటీలో లా చదివి 1978లో పట్టా తీసుకున్నాడు. తర్వాత ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా 1993 నుంచి 2015 దాకా పనిచేశాడు. 1988లో పెట్టిన ఆయన ఫౌండేషన్ శ్వేతేతర జాతుల పిల్లలకు కాలేజీ చదువుకు సాయం చేస్తుంది. ఒక షరతు ఉంది. సాయం తీసుకున్నవారు తమకన్నా చిన్నపిల్లలకు చదువులో తోడుగా నిలవాలి. ఈ షరతు సంగతి మళ్లీ చివర్లో వస్తుంది.

ఇక మన గడ్డ మీదికి వద్దాం. అగసర నందిని పేరు మీకందరికీ తెలుసు. మనలాగే సాంఘిక సంక్షేమ శాఖ నీడలో చదివిన అమ్మాయి. తండ్రి టీ అమ్మేవాడు. నార్సింగి గురుకులంలో చదివి, సంక్షేమ గురుకుల డిగ్రీ కాలేజీ విద్యార్థినిగా 2023 అక్టోబర్‌లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల హెప్టాథ్లాన్‌లో 5712 పాయింట్లతో కాంస్యం తెచ్చింది. 2025 మేలో దక్షిణ కొరియాలోని గుమిలో జరిగిన ఆసియా అథ్లెటిక్స్‌లో 5941 పాయింట్లతో స్వర్ణం గెలిచింది. హెప్టాథ్లాన్ అంటే రెండు రోజుల్లో ఏడు ఈవెంట్లు. హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, 200 మీటర్లు, లాంగ్‌జంప్, జావెలిన్, చివరికి 800 మీటర్లు. నాకు జావెలిన్ రాదు, మిగతా ఆరు చూసి పతకం ఇవ్వండి అంటే కుదరదు. హాంగ్‌ఝౌలో ఆమెకూ నాలుగో స్థానానికీ తేడా 4 పాయింట్లే.

నందిని కష్టం నందినిదే, అందులో వాటా అడిగే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆమె చుట్టూ ఉన్న ఏర్పాటును చూడండి. గురుకులంలో బడి, భోజనం, వసతి, మైదానం అన్నీ ఒకే ప్రిన్సిపాల్ కింద ఉంటాయి. పిల్ల ఎక్కడ ఉందో అందరికీ తెలుస్తుంది. మన కాలేజీ హాస్టల్ అలా కాదు. మనం పడుకునేది ఇక్కడ, చదివేది ఊరికి ఆ చివర కాలేజీలో, ఆడేది స్టేడియంలో. మూడు చోట్లా మూడు రిజిస్టర్లు. కాలేజీ రిజిస్టర్‌లో మనం 'ఆబ్సెంట్'. పీడీ సార్ రిజిస్టర్‌లో 'సెలెక్టెడ్'. హాస్టల్ రిజిస్టర్‌లో 'క్యాంపు'. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసే మనిషి లేడు. మా సీనియర్ అన్న డిగ్రీ పోయింది సరిగ్గా అక్కడే. ఎవరూ చెడ్డవారు కాదు. ఎవరి పుస్తకం వారు సరిగ్గానే రాశారు.

అందుకే ఈ ఏడాది దసరా సెలవుల తర్వాత మేము నాలుగో పుస్తకం ఒకటి పెట్టాం. 200 పేజీల లాంగ్ నోట్‌బుక్, గీతలు మేమే గీశాం. ఆడేవారందరి పేర్లూ అందులో ఉన్నాయి. ఎవరు ఏ తేదీన వెళ్లారు, ఆన్‌డ్యూటీ లెటర్ కాలేజీ ఆఫీసులో ఇచ్చి నకలు మీద సంతకం తెచ్చారా, ఏ ఇంటర్నల్ పోయింది, మళ్లీ ఎప్పుడు పెడతామన్నారు, రికార్డు ఎక్కడిదాకా వచ్చింది. ఒక్కొక్కరికి అదే గ్రూపులో చదివే తోడు ఒకరు. తోడు పని ఏమిటంటే, క్యాంపులో ఉన్నవాడికి ఆ రోజు నోట్సు ఫొటో తీసి పంపడం, తిరిగి వచ్చిన వారంలో రోజూ ఒక గంట కూర్చోవడం. అంతే.

మొదటి నెలలోనే తప్పు చేశాం, దాచడం లేదు. ఒక తోడు ప్రేమ ఎక్కువై, వాలీబాల్ ఆడే మిత్రుడి కెమిస్ట్రీ రికార్డు మొత్తం తానే రాసేశాడు. లెక్చరర్ మేడమ్ రెండు రికార్డులు పక్కన పెట్టి చూసి, "ఈ 'క' రెండింట్లోనూ ఒకేలా ఎందుకుందిరా?" అని అడిగారు. ఇద్దరితోనూ మళ్లీ రాయించారు. అప్పటికి మాకు కెవిన్ రాస్ కథ తెలియదు. తెలిశాక ఆ మేడమ్ మీద కోపం పోయింది. ఇప్పుడు పుస్తకం మొదటి పేజీలో ఒకే నియమం ఉంది. చెప్పవచ్చు, చూపించవచ్చు, రాసి పెట్టకూడదు.

తిండి సంగతి కూడా చదువు సంగతే. ప్రాక్టీసు నుంచి 8 గంటలకు వచ్చేవాడికి అడుగున మిగిలిన సాంబారు దక్కితే, వాడు 9 గంటలకు పుస్తకం ముందు ఎలా కూర్చుంటాడు? వంట మాస్టర్‌తో మాట్లాడాం. "నాకు పేర్లు రాసియ్యండి, ప్లేట్లు మూత పెట్టి ఉంచుత" అన్నాడు. ఏళ్ల తరబడి ఎవరూ అడగలేదట, అడిగితే ఎప్పుడో చేసేవాడట.

పక్క వీధిలోని బాలికల హాస్టల్ చెల్లెళ్ల కష్టం ఇంకో రకం. సాయంత్రం 6 గంటలకు గేటు మూస్తారు. ప్రాక్టీసు 5కి మొదలవుతుంది. ఖోఖో ఆడే అమ్మాయిలు అరగంట ఆడి పరుగున వెళ్లేవారు. పీడీ సార్ సంతకంతో పేర్ల జాబితా ఇచ్చాక వార్డెన్ మేడమ్ వారికి 7 దాకా సమయం ఇచ్చారు, అందరూ కలిసి రావాలన్న షరతు మీద. ఆ గంట కోసం రెండేళ్లు ఎదురుచూశామని వాళ్లు అంటుంటే, మనం ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదా అనిపించింది.

నాయకత్వం అంటే స్టేజీ ఎక్కి మాట్లాడటమని మనలో చాలామంది అనుకుంటాం. మా ఖోఖో కెప్టెన్ స్టేజీ ఎక్కితే నోరు పెగలదు. అతన్ని ఈ ఏడాది మెస్ కమిటీలో వేశాం. గుడ్లు లెక్కపెట్టి దించుకోవడం, కూరగాయల తూకం చూడటం, తగ్గితే గొడవ పడకుండా చీటీ మీద రాయించుకోవడం, ఇవన్నీ అతను జట్టును నడిపినట్టే నడిపాడు. ఎవరు ఏ పనికి పనికొస్తారో చూసి చెప్పడం అతనికి అలవాటు. అమెరికా కాలేజీల్లో ఆటగాళ్ల సలహా కమిటీలు ఉన్నాయి. తమకు సంబంధించిన నియమాల మీద వాళ్లు మాట్లాడతారు. మన దగ్గర పోటీల తేదీలు, ఇంటర్నల్స్ తేదీలు ఢీకొంటున్నాయని ప్రిన్సిపాల్ గారికి మొదటిసారి అర్జీ రాసింది ఈ కెప్టెనే. తప్పులు మేము దిద్దాం, విషయం అతనిది. ఆ అర్జీ మీద రెండు డిపార్ట్‌మెంట్లు ఆటగాళ్లకు ఇంటర్నల్ మళ్లీ పెట్టాయి. మిగతావి ఇంకా చూస్తున్నాయి.

ఇక అలన్ పేజ్ షరతు. మాలో చాలామంది ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీర్లం. ఏడాదికి 120 గంటల సేవ చేయాలి. రోడ్లు ఊడ్చి ఫొటో దిగడం మాకు విసుగు పుట్టింది. ఆదివారాలు దగ్గరి ఊరి ప్రభుత్వ బడికి వెళ్లి, సున్నంతో కోర్టు గీసి, పిల్లలకు ఖోఖో, కబడ్డీ నేర్పడం మొదలుపెట్టాం. అనుకోని సంగతి ఒకటి జరిగింది. ఆట అయ్యాక పిల్లలు పుస్తకాలు తెచ్చి, "అన్నా, ఈ లెక్క చెప్పు" అని చుట్టూ మూగుతున్నారు. రానివాడు రాదని ఎలా చెబుతాడు? మా షార్ట్‌పుట్ వీరుడు శనివారం రాత్రి ఎనిమిదో తరగతి గణితం ముందు వేసుకుని కూర్చోవడం మేము కళ్లారా చూశాం. నవ్వాం కూడా. అతను పట్టించుకోలేదు.

సర్టిఫికెట్ ఉంటే స్పోర్ట్స్ కోటాలో ఏదో ఒకటి రాకపోదు అని తమ్ముళ్లు అంటుంటారు. కోటా కింద వచ్చేవి వందకు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉద్యోగాలు. వాటికీ ఆ ఉద్యోగానికి చెప్పిన చదువు ఉండాల్సిందే. మోకాలు ఒక్కసారి తిరిగితే ఆట ఆ రోజుతో ఆగవచ్చు. దీన్ని భయపెట్టడానికి రాయడం లేదు. ఆట మానమని మేము ఎవరికీ చెప్పం, ఇంట్లోవాళ్లు చెప్పినా వినవద్దంటాం.

ఈ పుస్తకం ఇప్పుడు వాచ్‌మన్ గది పక్క అలమరలో ఉంటుంది. వచ్చే ఏడాది దాన్ని చూసుకోవడానికి ఇద్దరు కావాలి. ఒకరు ఆడేవారు, ఒకరు ఆడనివారు అయితే మంచిది. పేర్లు ఫైనలియర్ అన్నలకు ఇవ్వండి. కొత్త సెమిస్టర్ మొదలైన వారంలోనే ఆడేవారందరి పేర్లూ ఎక్కించాలి. సెలెక్షన్ అయ్యాక చూద్దాంలే అంటే అప్పటికే ఆలస్యం.

ఆ కబడ్డీ అన్నకు మిగిలిన సబ్జెక్టులు రాయడానికి ఇంకా గడువు ఉందని యూనివర్సిటీలో అడిగి తెలుసుకున్నాం. ఫీజు ఆయనే కట్టాడు. ఆయన పేరును మా పుస్తకంలో చివరి పేజీలో ఎక్కించి, అదే గ్రూపు చదువుతున్న ఒక తమ్ముణ్ణి తోడుగా వేశాం. రాత్రి డ్యూటీ దిగి పొద్దున 7 గంటలకు ఫోన్ చేస్తాడు, అరగంట చదువుతారు. మొదటి పేపరు రాసిన రోజు సాయంత్రం నేరుగా హాస్టల్‌కు వచ్చాడు. తన కప్పును దించి చూసి, అడుగున తుప్పు పట్టిందని తిట్టాడు. ఇంకా రెండు పేపర్లు ఉన్నాయి. ఈ సంచిక ప్రెస్సుకు వెళ్లేనాటికి ఫలితాలు రాలేదు.